హుండీలో వేసే దారి వేరు, తీసే దారి వేరు

మా తెలుగు సంఘం వెబ్‌సైట్‌లో విరాళాల పేజీ చాలా ఏళ్లు ఒకేలా ఉండేది. క్రెడిట్ కార్డు, జెల్, లేదంటే చెక్కు. చెక్కు ఎవరి పేరిట రాయాలో, ఏ పోస్టు బాక్సుకు పంపాలో కింద రెండు లైన్లు. ఉగాదికి, దసరాకి, ఊళ్లో ఏదైనా ఆపద వచ్చినప్పుడు ఆ పేజీకి పని పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మాకు ఒక కుర్రాడు మెయిల్ పెట్టాడు. ‘అంకుల్, నా దగ్గర నాలుగేళ్ల క్రితం కొన్న బిట్‌కాయిన్ ఉంది. అందులోంచి కొంత ఇస్తాను. తీసుకుంటారా?’ అని.

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. అతను కార్డు మీద తోచినంత ఇచ్చి ఊరుకున్నాడు. వరద నీళ్లు తీశాక, లెక్కలన్నీ తేలాక, కార్యవర్గ సమావేశంలో ఆ మెయిల్ మళ్లీ చర్చకు వచ్చింది. ఇలాంటివి చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటాయో మీకు తెలుసు. పదహారేళ్లుగా సర్వర్ల వెనక పనిచేస్తున్నవాణ్ని, డాలస్‌లో ఉన్నవాణ్ని, పైగా కాదనలేని మొహమాటస్తుణ్ని. అలా వెబ్‌సైట్‌ను బిట్‌కాయిన్ వాలెట్ సర్వర్‌తో కలిపే పని నాకు వచ్చింది.

ఆ కుర్రాడి లెక్కలో తప్పేమీ లేదు. అమెరికా పన్నుల శాఖ 2014 నుంచీ క్రిప్టోను డబ్బుగా కాక ఆస్తిగా చూస్తోంది. ఏడాదికి పైగా దగ్గరుంచుకున్న బిట్‌కాయిన్‌ను అమ్మి, ఆ డాలర్లు విరాళంగా ఇస్తే ముందు లాభం మీద పన్ను కట్టాలి. అమ్మకుండా నేరుగా 501సీ3 హోదా ఉన్న సంస్థకు ఇస్తే ఆ లాభం మీద పన్ను ఉండదు. డిడక్షన్లు విడివిడిగా చూపించేవారికి ఆ రోజు మార్కెట్ విలువంతా, చట్టం పెట్టిన పరిమితులకు లోబడి, మినహాయింపుగా వస్తుంది. షేర్లు ఇచ్చినట్టే. కొన్నప్పటి ధరకీ ఇప్పటి ధరకీ పొంతన లేనివాళ్లు మన పిల్లల్లో చాలామందే ఉన్నారు. వాళ్లు ఇస్తామంటే వద్దనడం సంఘానికే నష్టం.

సమావేశంలో మా కోశాధికారి గారు అడిగిన మొదటి ప్రశ్న పన్ను గురించి కాదు. ఆయన వయసు అరవై దాటింది. ఇండియాలో బ్యాంకు మేనేజరుగా చేసి వచ్చిన మనిషి. ‘బాబూ, ఈ డబ్బు ఎక్కడుంటుంది? తాళం ఎవరి దగ్గర?’ అన్నారు. ఆ తర్వాత మూడు నెలల పని ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఎమ్మార్వో లేని ఊరు

వాలెట్ అనే మాటే సగం తికమకకు కారణం. జేబులో పర్సులా అందులో నాణేలుంటాయని అందరూ అనుకుంటారు. ఉండవు. ఎవరికి ఎంత ఉందనే చిట్టా ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకే నకలుగా ఉంటుంది. వాలెట్‌లో ఉండేది ఆ చిట్టాలో మన పద్దును కదిలించగల రహస్య సంఖ్య మాత్రమే. దాన్నే ప్రైవేట్ కీ అంటారు. కోశాధికారి గారికి పొలం పోలిక చెప్పాను. పొలం మన ఇంట్లో ఉండదు, పట్టాదారు పాసు పుస్తకం ఉంటుంది. ఒక్క తేడా. పాసు పుస్తకం పోతే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి అయినా ఇంకొకటి తెచ్చుకోవచ్చు. ఈ ఊళ్లో ఎమ్మార్వో లేడు.

మేం వాడింది బిట్‌కాయిన్ కోర్ అనే ప్రోగ్రాం. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇది రెండు పనులు చేస్తుంది. ఒకటి, 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు నుంచి ఇప్పటిదాకా జరిగిన ప్రతి లావాదేవీనీ దించుకుని, ఒక్కొక్కటీ స్వయంగా సరిచూసుకోవడం. ఇప్పుడది 500 జీబీ దాటింది. మా దగ్గరున్న చిన్న కంప్యూటరుకు అంతా సరిచూసుకోవడానికి రోజులు పట్టింది. డిస్కు చాలనివాళ్లు పాత బ్లాకులను చూసి పారేసేలా పెట్టుకోవచ్చు. కనీసం 550 ఎంబీ ఉంచినా నడుస్తుంది. కానీ తర్వాత ఎప్పుడైనా పాత వాలెట్ తెచ్చి ‘ఇందులో ఏమేం వచ్చాయో వెతుకు’ అంటే, పారేసిన పేజీల్లో వెతకలేదు. సంఘం లెక్కలంటే ఏనాటివో ఎవరో అడుగుతూనే ఉంటారు కదా, అందుకే పెద్ద డిస్కే కొన్నాం.

రెండో పని వాలెట్. వెబ్‌సైట్ దీనితో మాట్లాడే పద్ధతిని జేసన్ ఆర్‌పీసీ అంటారు. పేరు భయపెడుతుంది గానీ ఇది చీటీ మీద రాసి లోపలికి పంపడం లాంటిదే. పని పేరు, దానికి కావలసిన వివరాలు రాసి 8332 అనే పోర్టుకు పంపితే, జవాబు చీటీ తిరిగి వస్తుంది. దాత పేజీలో బటన్ నొక్కగానే మా సైట్ ‘గెట్‌న్యూఅడ్రస్’ అని చీటీ పంపుతుంది. సర్వర్ ఒక కొత్త చిరునామా ఇస్తుంది. దాన్ని దాత పేరు పక్కన మా డేటాబేస్‌లో రాసుకుని, క్యూఆర్ కోడ్‌గా తెర మీద చూపిస్తాం.

ప్రతి దాతకూ కొత్త చిరునామా ఎందుకు, ఒక్కటే పేజీ మీద అచ్చేస్తే పోదా అని అడిగారు. పోదు. బిట్‌కాయిన్ చిట్టా ఎవరైనా చదవచ్చు. ఒకే చిరునామా అయితే ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరి ఖాతాలో ఇంకెంత మిగిలిందో కూర్చుని లెక్కలు కట్టేవాళ్లు పుడతారు. శిలాఫలకం మీద పేరు ఎవరిది పైన ఉండాలనే దగ్గరే మనకు అలకలు వస్తాయి. దీన్ని కూడా దానికి జతచేయడం ఎందుకు?

ఇంతవరకు చెప్పిందంతా తేలిక భాగం. జావాస్క్రిప్ట్ తెలిసిన ఏ కుర్రాడైనా ఒక శని, ఆదివారాల్లో చేసేస్తాడు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే చిరునామా అడిగే చీటీ వెళ్లే కిటికీలోంచే ‘సెండ్‌టుఅడ్రస్’ అనే చీటీ కూడా వెళ్తుంది. అంటే ఫలానా చిరునామాకు ఇంత పంపించు అని. వాలెట్ దగ్గర కీ ఉంటే, పాస్‌వర్డ్ తెలిసినవాడు అడిగితే, అది మారు మాట్లాడకుండా పంపించేస్తుంది. వెబ్‌సైట్‌లో ఏ మూల కన్నం పడినా డబ్బు మొత్తం పోయినట్టే. బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించే వీలు లేదు.

ఇది ఊహ కాదు. ఎథీరియం సర్వర్లు ఇలాగే 8545 అనే పోర్టులో చీటీలు తీసుకుంటాయి. దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచినవాళ్ల నుంచి ఒకే ముఠా దాదాపు రెండు కోట్ల డాలర్ల విలువైన నాణేలు ఊడ్చేసిందని 2018లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. తాళాలు పగలగొట్టడం లాంటివేమీ లేవు. తలుపు తెరిచి ఉన్న ఇళ్లను వెతుక్కుంటూ తిరిగారు, అంతే.

బిట్‌కాయిన్ కోర్ ఈ విషయంలో కాస్త జాగ్రత్తగానే ఉంటుంది. మనం మార్చకపోతే 8332 తలుపు ఆ కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములకే తెరుచుకుంటుంది. వేరే మెషీన్ నుంచి మాట్లాడాలంటే మనమే అనుమతి రాయాలి. ఆ మాటలు గుప్తంగా కూడా వెళ్లవు. ఆ సదుపాయాన్ని 2016లో వచ్చిన 0.12 వెర్షన్‌లోనే తీసేశారు, కావాలంటే బయట సొరంగం వేసుకోమన్నారు. మా వెబ్‌సైట్ అద్దె సర్వర్‌లో ఉంది, బిట్‌కాయిన్ కంప్యూటర్ మా కార్యవర్గ సభ్యుడొకరి ఇంటి ఆఫీసులో ఉంది. రెంటి మధ్య వైర్‌గార్డ్‌తో ప్రైవేట్ దారి వేశాం. ఏ యూజరు ఏయే చీటీలు పంపవచ్చో జాబితా పెట్టే సదుపాయం ఉంది. వెబ్‌సైట్ యూజరుకు చిరునామా అడగడం, వచ్చిన సొమ్ము చూడడం మాత్రమే ఇచ్చాం.

ఇంత చేసినా నాకు తృప్తి లేదు. తాళాలు ఎన్ని వేసినా డబ్బు తీసే కీ ఆ మెషీన్‌లోనే ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాన్ని తీస్తారు. జపాన్‌లో మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో మూతపడినప్పుడు 8,50,000 బిట్‌కాయిన్లు కనిపించడం లేదని చెప్పింది. తర్వాత 2,00,000 పాత వాలెట్‌లో దొరికాయి. మిగతావి పోయినట్టే. ఒకప్పుడు ప్రపంచంలో అంత పెద్ద బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజీ లేదు. మన సంఘం వెబ్‌సైట్‌కు వాళ్లకంటే గట్టి కాపలా ఉంటుందని నేను చెప్పలేను.

కాబట్టి కీ ఆ మెషీన్‌లో పెట్టకూడదు. దీనికి బిట్‌కాయిన్‌లో ఒక చక్కని వీలుంది. రహస్య కీ నుంచి ఒక బహిరంగ కీ పుడుతుంది. ఆ బహిరంగ కీ ఒక్కటి ఇస్తే చాలు, సర్వర్ ఎన్ని కొత్త చిరునామాలైనా తయారుచేయగలదు, వాటికి వచ్చిన సొమ్మును చూడగలదు. తీయడం మాత్రం దానివల్ల కాదు. దీన్ని వాచ్ ఓన్లీ వాలెట్ అంటారు. కోశాధికారి గారు నేను బోర్డు మీద గీసిన బొమ్మ చూసి, ‘హుండీ కదయ్యా ఇది!’ అన్నారు. అవును, హుండీయే. వేయడానికి పై కన్నం చాలు. తెరవడానికి తాళాలున్నవాళ్లు రావాలి, నలుగురి ముందు విప్పాలి.

తాళాలు మూడు చేశాం. మూడింట్లో ఏ రెండు కలిసినా తెరుచుకుంటుంది, ఒక్కటి చాలదు. కోశాధికారి గారి దగ్గర ఒకటి, అధ్యక్షురాలి దగ్గర ఒకటి, ట్రస్టీ అయిన డాక్టరు గారి దగ్గర ఒకటి. ఒక్కోటి ఇంటర్నెట్ తగలని చిన్న పరికరంలో ఉంటుంది. సంతకం కావాల్సిన కాగితం లాంటి ఫైలు ఒకటి తయారై మొదటివారి దగ్గరకు, అక్కడి నుంచి రెండోవారి దగ్గరకు వెళ్తుంది. రెండు సంతకాలు పడ్డాకే నెట్‌వర్క్‌లోకి పోతుంది. ఇలాంటి చిరునామా ‘బీసీ1’తో మొదలై 62 అక్షరాలుంటుంది. ఇంత పొడుగేమిటని దాతలు అడుగుతుంటారు. మూడు తాళాల హుండీకి మూత పెద్దదే ఉంటుంది మరి. నా దగ్గర తాళం లేదు. కోడు రాసినవాడి దగ్గర తాళం ఉండకూడదని ముందే చెప్పి రాయించుకున్నాను.

అద్దాల బీరువా

తాళం మూడు చేతుల్లో ఉండాలని నేను అంత పట్టుపట్టడానికి దొంగల భయం ఒక్కటే కారణం కాదు.

మా పరిచయస్తుల్లో ఒకాయన రెండేళ్ల క్రితం గుండెపోటుతో పోయారు. నలభై ఆరేళ్లు. కర్మలన్నీ అయ్యాక, ఇన్సూరెన్సు కాగితాలు, 401కే కాగితాలు ఒక కొలిక్కి వచ్చాక, ఆయన భార్య ఒక చిన్న పరికరం, ఒక పాత ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పరికరం చూస్తే పెన్‌డ్రైవ్‌లా ఉంది. ‘అన్నయ్యా, ఆయన ఇందులో ఏదో దాచానని అనేవారు. పిల్లాడి చదువుకని. కొంచెం తీసిపెట్టగలరా?’ అన్నారు.

దానికి పిన్ కావాలి. కొన్నిసార్లు తప్పు పిన్ కొడితే లోపలున్నది చెరిపేసుకోవడం ఆ పరికరాల లక్షణం. పెళ్లి రోజు, పిల్లల పుట్టిన రోజులు కొట్టి చూద్దామా అని ఆమె అడిగితే వద్దన్నాను. పిన్ లేకపోయినా, కొన్న రోజున కాగితం మీద రాసుకోమని చెప్పే 24 ఇంగ్లిష్ పదాలుంటాయి. 2,048 పదాల జాబితాలోంచి వరసగా వచ్చే పదాలు. అవి దొరికితే కొత్త పరికరంలోనైనా అంతా తిరిగి వస్తుంది. ఇల్లంతా వెతికారు. ఫైలు కేబినెట్, ఇండియా నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె, దేవుడి గది, గరాజ్‌లో అట్టపెట్టెలు. పదాలు దొరకలేదు.

ల్యాప్‌టాప్‌లో ఆయన తనకు తాను పంపుకున్న ఒక మెయిల్‌లో చిరునామా ఒకటి కనబడింది. దాన్ని బహిరంగ చిట్టాలో కొట్టి చూశాను. ఉంది. కుర్రాడి మొదటి ఏడాది కాలేజీ ఫీజుకు సరిపోయేంత, ఆయన చివరిసారి వేసిన తేదీతో సహా కనిపిస్తోంది. ఆమె తెర వైపు చూసి, ‘కనిపిస్తోందిగా అన్నయ్యా?’ అన్నారు. కనిపిస్తుందమ్మా, తీయలేం అని చెప్పడం నా ఉద్యోగ జీవితంలో చెప్పిన ఏ మాటకన్నా కష్టంగా అనిపించింది. బ్యాంకయితే డెత్ సర్టిఫికెట్ చూస్తుంది. కోర్టు కాగితం అడుగుతుంది. నెల కాకపోతే ఏడాదికి ఇస్తుంది. దీనికి మనిషి ఉన్నాడా పోయాడా అన్నది తెలియదు.

ఆ పరికరం ఇప్పటికీ ఆమె బీరువాలో ఉంది. పారేయకండి, ఆ పదాలు ఎక్కడో పుస్తకంలో దొరకవచ్చు అని చెప్పాను.

అందుకే సంఘం తాళాల్లో ఏ ఒక్కటి పోయినా, ఏ ఒక్కరు లేకపోయినా మిగతా ఇద్దరితో పని జరగాలని పట్టుపట్టాను. ముగ్గురి 24 పదాలు మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఎక్కడున్నాయో వాళ్ల భార్యకో భర్తకో తెలుసు. డాక్టరు గారు స్టీలు రేకు మీద అక్షరాలు కొట్టించుకున్నారు. కాగితం తడిస్తే పోతుందట. ఇంకొక కాగితం కూడా అంతే ముఖ్యం. మూడు బహిరంగ కీలు ఏ పద్ధతిలో కలిపామన్న వివరం. అది లేకపోతే రెండు తాళాలున్నా హుండీ ఎక్కడుందో కనిపెట్టలేం. దాని నకలు ముగ్గురి దగ్గరా ఉంది, సంఘం ఫైల్లోనూ ఉంది. అది బయటపడినా డబ్బు పోదు, లెక్కలు తెలుస్తాయంతే.

యాభై బిట్‌కాయిన్ల ఆసామి

పరీక్షించడానికి అసలు డబ్బు అక్కర్లేదు. బిట్‌కాయిన్ కోర్‌లో రెగ్‌టెస్ట్ అనే ఆటస్థలం ఉంది. మన కంప్యూటరులోనే మనదైన చిట్టా మొదలవుతుంది, బ్లాకులు మనమే పుట్టించుకుంటాం. 101 బ్లాకులు పుట్టిస్తే మొదటి బ్లాకు బహుమానం 50 బిట్‌కాయిన్లు ఖర్చుకు వస్తాయి. ఒక రాత్రి నా తెర మీద ఆ బ్యాలెన్స్ చూసి మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. విలువ సున్నా అని చెప్పేసరికి కోపం వచ్చి వెళ్లిపోయింది.

ఆ ఆటస్థలంలో బయటపడిన సంగతులు కొన్ని చెప్పాలి, ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు పనికొస్తాయి. ఒక బిట్‌కాయిన్ అంటే పది కోట్ల సతోషీలు, రూపాయికి పైసల్లాగా. సర్వర్ మాత్రం జవాబును దశాంశ సంఖ్యగా పంపుతుంది. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని మన వృత్తిలోవాళ్లందరికీ తెలిసిన జోకు. లెక్కల పుస్తకంలో అది జోకు కాదు. రాగానే సతోషీల పూర్ణాంకంగా మార్చి, అలాగే దాచాలి.

డబ్బు రాగానే సర్వర్ మనకు కబురు చేసేలా పెట్టవచ్చు. ఆ కబురొక్కటే నమ్ముకోకూడదు. వెబ్‌సైట్ ఆ క్షణంలో ఆగి ఉంటే కబురు గాల్లో కలిసిపోతుంది. అందుకని ఫలానా బ్లాకు తర్వాత ఏమేం వచ్చాయని పది నిమిషాలకోసారి మేమే అడుగుతాం. కనిపించింది కదా అని వెంటనే రసీదు ఇవ్వకూడదు. బ్లాకులో ఎక్కని లావాదేవీని పంపినవాడు ఎక్కువ ఫీజుతో ఇంకోటి పంపి మార్చేయవచ్చు. సగటున పది నిమిషాలకో బ్లాకు చొప్పున ఆరు బ్లాకులు, అంటే దాదాపు గంట ఆగాకే మా ధన్యవాదాల మెయిల్ వెళ్తుంది. విరాళమే కదా, గంటకు కొంపేమీ మునగదు.

అన్నిటికన్నా విచిత్రమైనది మా అధ్యక్షురాలి అబ్బాయి పట్టుకున్నాడు. పరీక్షించమంటే బటన్‌ను ముప్పై నలభై సార్లు నొక్కి, చివరి చిరునామాకు డబ్బు పంపాడు. మా సర్వర్‌లో వచ్చింది. కోశాధికారి గారి ల్యాప్‌టాప్ ప్రోగ్రాంలో సున్నా. ఆయన మొహంలో రంగు మారింది. జరిగిందేమిటంటే, చాలా వాలెట్ ప్రోగ్రాములు వరసగా 20 చిరునామాలు ఖాళీగా కనిపిస్తే ఆపైన ఇంకేమీ లేదనుకుని ఆగిపోతాయి. బిట్‌కాయిన్ కోర్ వెయ్యి దాకా ముందుకు చూస్తుంది. డబ్బు ఎక్కడికీ పోలేదు, ఆయన ప్రోగ్రాం అంత దూరం చూడలేదు, అంతే. ఆ సంఖ్య పెంచాం. దాత మెయిల్ అడ్రస్ నిర్ధారించాకే చిరునామా ఇచ్చేలా మార్చాం. లేకపోతే ఊరికే తిరిగే బాట్లు రోజుకు వందలు పుట్టిస్తాయి.

ఒక ప్రమాదం మాత్రం వాచ్ ఓన్లీ వాలెట్‌తో కూడా పోదు. వెబ్‌సైట్‌లో చొరబడినవాడు మన హుండీ తెరవలేడు గానీ, పక్కన తన హుండీ పెట్టగలడు. తెర మీద మన చిరునామా బదులు తనది చూపిస్తే దాతకు తేడా తెలియదు. అందుకని వేరే చోట ఒక చిన్న ప్రోగ్రాం దాతలా నటిస్తూ అప్పుడప్పుడు పేజీకి వెళ్లి, వచ్చిన చిరునామా మనదేనా అని వాలెట్‌ను అడుగుతుంది. కాదంటే ముగ్గురి ఫోన్లూ మోగుతాయి. 2024 జూలైలో ఇండియాలో వజీర్ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు పోయినప్పుడు కూడా అది పలువురి సంతకాలున్న వాలెట్టే. సంతకం చేసేవాళ్లకు తెర మీద కనిపించినది ఒకటి, నిజంగా సంతకం పడినది మరొకటి అని ఆ సంస్థ చెప్పింది. అందుకే మా ముగ్గురికీ ఒక నియమం. ల్యాప్‌టాప్ తెర మీద ఏముందో వద్దు, చేతిలో పరికరం చిన్న తెర మీద కనిపించే చిరునామా చదివి, రెండోవారికి ఫోన్లో పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే నొక్కాలి. డాక్టరు గారు మందుల పేర్లు చదివినట్టు అక్షరం అక్షరం చదువుతారు.

ఇదంతా చదివి మీ సంఘంలోనూ పెట్టుకోవాలా అంటే, చాలామందికి వద్దనే చెబుతాను. విరాళాన్ని క్రిప్టోలో తీసుకుని డాలర్లు బ్యాంకులో వేసే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. కొంత కమీషన్ తీసుకుంటాయి, కానీ రాత్రిపూట నిద్ర పడుతుంది. సొంతంగానే నడపాలనుకుంటే బీటీసీపే సర్వర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2017 నుంచి ఉంది. నేను పైన చెప్పిన వాటిలో చాలా పనులు అందులో చేసిపెట్టి ఉన్నాయి. మేం సొంతంగా రాసుకోవడానికి కారణం, మా సభ్యత్వాల డేటాబేస్ పాతదై దేనితోనూ కలవకపోవడం, చూసుకోవడానికి ముగ్గురు ఇంజినీర్లు ముందుకు రావడం. ఆ ముగ్గురూ ఊరు మారితే ఏం చేయాలో కూడా ఆలోచించుకునే దిగాం.

ఇక కాగితాల సంగతి. ఐదు వేల డాలర్లకు మించిన క్రిప్టో విరాళానికి మినహాయింపు కావాలంటే, ధర ఎక్స్ఛేంజీలో అందరికీ కనిపిస్తున్నా సరే, అర్హత ఉన్న అప్రైజర్ విలువ కట్టాలని పన్నుల శాఖ 2023లో స్పష్టం చేసింది. దాత 8283 ఫారం పెట్టాలి, దాని మీద సంఘం సంతకం చేయాలి. అలా తీసుకున్నదాన్ని మూడేళ్లలోపు అమ్మితే సంఘం 125 రోజుల్లో 8282 ఫారం పంపాలి. మేం వచ్చిన వారంలోనే అమ్మేస్తాం కాబట్టి ఇది తప్పదు. ధర పెరుగుతుందేమో ఉంచుదామని ఒకరిద్దరు అన్నారు. సంఘం డబ్బుతో జూదం ఆడకూడదని కోశాధికారి గారు ఒక్క మాటలో తేల్చేశారు. రసీదు మీద ఎన్ని సతోషీలు, ఏ తేదీ అని మాత్రం రాస్తాం. డాలర్లలో విలువ రాయం. అది దాత, ఆయన సీపీఏ చూసుకోవాల్సిన పని. ఈ లెక్క ఇండియాకు వర్తించదు. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. అక్కడున్న బంధువుల నుంచి క్రిప్టో విరాళం తీసుకోకూడదని నిర్ణయించుకున్నాం. ఇక్కడ వచ్చినది డాలర్లయ్యాక మామూలు బ్యాంకు దారిలోనే ఖర్చవుతుంది. యాభై డాలర్లకు తక్కువైతే కార్డే వాడమని పేజీలో రాశాం. నెట్‌వర్క్ ఫీజు సొమ్మును బట్టి కాక లావాదేవీ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఫీజులు పెరిగిన రోజుల్లో చిల్లర విరాళాలను మూడు తాళాల హుండీ నుంచి తీయడానికే చాలా పోవచ్చు.

ఇంకొక్క మాట, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి. మా సైట్ నడవడానికి కావాల్సింది బహిరంగ కీ మాత్రమే. డబ్బు తీసుకోవడానికి ఏ వెబ్‌సైట్‌కూ మీ 12 పదాలో 24 పదాలో అక్కర్లేదు. వాలెట్ కలపడానికని, వెరిఫై చేయడానికని, కస్టమర్ కేర్ నుంచని ఎవరు అడిగినా వాళ్లు దొంగలే. అలా అడిగే పేజీలు నిజమైనవాటికన్నా అందంగా ఉంటాయి.

పేజీ తెరిచిన మూడో వారంలో మొదటి విరాళం వచ్చింది. మెయిల్ పెట్టిన ఆ కుర్రాడే. ఆరో బ్లాకు పడేదాకా కోశాధికారి గారు భోజనానికి లేవలేదని వాళ్లావిడ ఫోన్లో చెప్పారు. ఇప్పుడాయన పదవీకాలం డిసెంబరుతో ముగుస్తుంది. కొత్త కోశాధికారికి పాత తాళం ఇవ్వడం కుదరదు, ఎందుకంటే ఒకసారి ఒకరి దగ్గరున్న పదాలు వాళ్లకు తెలిసినట్టే. కొత్త వ్యక్తి కొత్త పరికరంతో మరో హుండీ కట్టి, పాతదానిలో మిగిలినదంతా రెండు సంతకాలతో అందులోకి మార్చాలి. వెబ్‌సైట్‌కు కొత్త బహిరంగ కీలు ఇవ్వాలి. పాత చిరునామాలకు ఎవరైనా పంపుతారేమోనని దాన్ని కూడా కాచుకుని ఉండాలి. జనవరి మొదటి శనివారం మా డాక్టరు గారింట్లో ఆ పని పెట్టుకున్నాం. ఉప్మా, కాఫీ ఉంటాయని, పరికరాలు ఛార్జి పెట్టుకుని రమ్మని ఆవిడ ఇప్పటికే వాట్సాప్‌లో పెట్టారు.